ఉద్యోగం ఉండగానే పరామర్శలు

మేము హైదరాబాదు విడిచి కామారెడ్డికి మారడానికి కారణం ఒక గుర్రం.

మా పాప చదివే బడిలో ఆ ఏడు గుర్రపు స్వారీ మొదలుపెట్టారు. మాకొద్దు అనే వీలు లేదు, ఫీజులోనే కలిపేశారు. అది కాక మోకాళ్ళ దాకా వచ్చే బూట్లు, నెత్తికి గట్టి టోపీ మేమే కొనాలి. కొన్నాం. మా పాపకు కుక్కపిల్లను చూస్తేనే భయం. మొదటి రోజు ఆ గుర్రం తుమ్మింది. పాప ఏడ్చుకుంటూ ఇంటికి వచ్చి, మళ్ళీ దాని దరిదాపులకు పోనంది. ఒకసారి తొడిగిన బూట్లు వాపసు తీసుకోనని కొట్టు అతను చెప్పాడు.

ఆ ఆదివారం నేనూ మా ఆవిడా మా పంతొమ్మిదో అంతస్తు బాల్కనీలో కూర్చున్నాం. ఇద్దరం సాఫ్ట్‌వేర్ ఉద్యోగులం. ఇద్దరి జీతాలు కలిపి చెబితే మా బంధువుల్లో సగం మంది నమ్మరు, మిగతా సగం మంది అప్పు అడుగుతారు. అలాంటి మేము ప్రతి నెలా మూడో వారం వచ్చేసరికి "నీ దగ్గరేమన్నా ఉన్నయా" అని ఒకరినొకరు అడిగే స్థితికి వచ్చేవాళ్ళం. ఇంటి లోను, కారు లోను, బడి ఫీజు, వంటామె జీతం పోగా మిగిలింది బయట ఒకసారి భోంచేస్తే అయిపోయేది. బయట తినడం మానేద్దామంటే ఆఫీసులో ఎవరో ఒకరు పుట్టినరోజు చేసుకునేవారు.

మా ఆవిడది కరీంనగర్. ఆమె కిందికి చూస్తూ అంది.

"మొన్న సూపర్ మార్కెట్ల బీరకాయలు చేతిల వట్టుకొని మల్ల పెట్టేసిన, తెలుసా?"

"ఎందుకు?"

"రేటు చూసిన. మనం గింత సంపాయించి బీరకాయలకు భయపడుడేంది?"

నేను కూడా అంతకుముందు వారం మామిడిపండ్ల దగ్గర అదే పని చేశాను. ఆమెకు చెప్పలేదంతే.

మా కంపెనీ వారానికి ఒక్క రోజు ఆఫీసుకు రమ్మంటుంది. మా ఆవిడ కంపెనీ నెలకోసారి కనబడితే చాలంటుంది. కామారెడ్డిలో పొద్దున రైలెక్కితే ఆఫీసు వేళకు సికింద్రాబాదులో దిగొచ్చు. మా సొంతూరు ఎల్లారెడ్డి అక్కడికి బస్సులో గంట పైచిలుకు. ఫ్లాటు కిరాయికి ఇచ్చి, కామారెడ్డిలో చిన్న ఇల్లు తీసుకుని, ఓ రెండేళ్ళు ఊపిరి పీల్చుకుందామనుకున్నాం. ఎవరైనా అడిగితే నిజమే చెబుదామని కూడా అనుకున్నాం. ఖర్చులు తట్టుకోలేక వచ్చామని. ఆ నిజాన్ని ఎవరూ నమ్మరని మాకప్పుడు తోచలేదు.

కామారెడ్డిలో మా ఇంటాయన గల్ఫులో చాలా ఏళ్ళు వెల్డింగు పని చేసి వచ్చిన ముస్లిం పెద్దమనిషి. సామాను దించుతుంటే దగ్గరికొచ్చి ఏం ఉద్యోగమని అడిగాడు. చెప్పాను. ఇంటి నుంచే పని చేస్తామన్నాను. ఆయన తల ఊపి, నా భుజం మీద చెయ్యి వేశాడు.

"ఫికర్ జెయ్యకు బేటా. నేను దుబాయి నుంచి వాపస్ వచ్చినప్పుడు గూడ ఛుట్టీల వచ్చిన అనే చెప్పిన. మూడేండ్లు గదే చెప్పిన."

నేను నిజంగానే ఉద్యోగం చేస్తున్నానని మళ్ళీ చెప్పాను. "అచ్ఛా, అచ్ఛా," అన్నాడు. ఆ సాయంత్రం వాళ్ళింటి నుంచి ఎండు ఆప్రికాట్లతో చేసే తీపి, ఖుబానీకా మీఠా, ఒక గిన్నెడు వచ్చింది. మా ఆవిడకు అది ఎంత నచ్చిందంటే, ఎందుకు పంపారో ఆలోచించనే లేదు.

వారం తిరక్కుండానే ఎల్లారెడ్డి నుంచి మా మేనత్త దిగింది. మా అమ్మానాన్నలు పోయాక మా ఇంటికి పెద్దదిక్కు ఆమే. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్ళకు బస్సు ఛార్జీ లేకపోవడంతో ఆమె ఈమధ్య చిన్న పనికైనా కామారెడ్డి వచ్చి పోతోంది. ఈసారి మాత్రం ఒక బస్తా బియ్యం, సంచి నిండా కందిపప్పు, డబ్బాడు మామిడికాయ తొక్కు పచ్చడి తెచ్చింది. బస్సు దిగి ఆటోలో వచ్చి, సామాను వాకిట్లో పెట్టించి, మా ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చుంది.

"పోయిందేమొ పోయింది బిడ్డా," అంది చివరికి. "మీరిద్దరు పానంతోని మంచిగున్నరు. గది చాలు."

"ఏం పోయింది అత్తమ్మ?" అన్నాడు పక్కగదిలోంచి వచ్చిన మేనల్లుడు, అంటే నేను.

ఆమె నన్ను కింది నుంచి పైకి చూసింది. నేనప్పుడు వీడియో మీటింగు మధ్యలో లేచి వచ్చాను. పైన ఇస్త్రీ చేసిన నీలం చొక్కా, కింద గళ్ళ లుంగీ. మీటింగులో నడుము కింద ఎవరికీ కనబడదు కాబట్టి మేమంతా అలాగే కూర్చుంటాం. ఆ సంగతి ఆమెకు తెలియదు.

"అయ్యో కొడుకా," అంది మెల్లగా. "రోజు గిట్లనే తయారైతున్నవా?"

"రోజూ గిట్లనే."

"తయారై ఏం జేస్తవ్?"

"ఆ రూంల కూసొని మాట్లాడుత."

"ఎవలతోని?"

గదిలోకి తీసుకెళ్ళి చూపించాను. నా దురదృష్టం, ఆ రోజు మీటింగులో ఒక్కరూ మొహం చూపించలేదు. తెర మీద నల్లటి గడులు మాత్రమే ఉన్నాయి. ఆ నల్లగడులతో నేను ఇంగ్లీషులో కాసేపు మాట్లాడాను. మా అత్తమ్మ గుమ్మం దగ్గర నిలబడి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

భోజనాలప్పుడు ఆమెకు అంతా వివరంగా చెప్పాలని కూర్చున్నాను. ఉద్యోగం ఉంది, జీతం వస్తోంది, ఇంత వస్తోంది అని కూడా చెప్పాను. ఆమె ముద్ద నోట్లో పెట్టుకోకుండా ఆగిపోయింది.

"గన్ని పైసలొస్తె మరి గీడికెందుకొచ్చినవ్?"

"చాల్తలేవు అత్తమ్మ."

ఆమె మా ఆవిడ వైపు చూసింది. మా ఆవిడ అవునన్నట్టు తల ఊపింది. అత్తమ్మ ఇంకేమీ అడగలేదు. నా కంచంలో ఇంకో గరిటెడు పప్పు వేసింది. పిచ్చి లేచినవాడితో ఎదురు మాట్లాడకూడదని ఆమెకు ఎవరో చెప్పి ఉంటారు.

ఆ తర్వాత పరామర్శలు మొదలయ్యాయి. భిక్నూరులో ఉండే దూరపు బంధువు ఒకాయన పనిగట్టుకుని వచ్చి, హైవే మీద తన ధాబాలో గల్లాపెట్టె దగ్గర కూర్చునే మనిషి కావాలని, నమ్మకస్తుడైతే బాగుంటుందని అటూ ఇటూ చూస్తూ అన్నాడు. కూరగాయలమ్మే ఆమె మా ఆవిడకు పావుకిలో బెండకాయలు ఎక్కువ వేసింది. మా పాప బడిలో టీచరు, ఫీజు రెండు మూడు విడతల్లో కట్టినా పరవాలేదని మెత్తగా చెప్పింది. మా ఆవిడ ఆ పూటే ఫీజు మొత్తం కట్టేసింది. దానికి టీచరు కళ్ళలో నీళ్ళు తిరిగాయట. ఒంటి మీది బంగారం అమ్మి కట్టిందనుకుని ఉంటుందని మా ఆవిడ అనుమానం. నగలు బ్యాంకు లాకరులో ఉండటం వల్ల ఆమె మెడలో ఆ రోజు ఏమీ లేదు మరి.

"ఏడుద్దామా నవ్వుదామా?" అంది ఇంటికొచ్చి.

"బెండకాయలు వండు ముందు," అన్నాను.

అలా నెల గడిచింది. ఒక శనివారం అత్తమ్మ ఫోన్ చేసి, అర్జెంటుగా ఎల్లారెడ్డికి రమ్మంది. ఏదైనా ఫంక్షనేమోనని మంచి బట్టలు వేసుకుని బస్సెక్కాను. ఆమె బస్టాండులోనే నిలబడి ఉంది. ఆటో ఎక్కాక అసలు విషయం చెప్పింది. ఊరి బయట రైసుమిల్లులో లెక్కలు చూసే మనిషి మానేశాడు. మిల్లు యజమాని ఆమెను చెల్లె అని పిలుస్తాడు. ఆయనతో మాట్లాడి పెట్టింది.

"అత్తమ్మ, నాకు నౌకరి ఉంది."

"ఉంటె ఉండనీ. గిది గూడ జెయ్యి. నల్లగ కనవడేటోళ్ళతోని మాట్లాడుడు పొద్దుగూకినంక మాట్లాడుకో."

ఆటో ఆపి దిగిపోదామనిపించింది. కానీ ఆమె నా కోసం కొత్త చీర కట్టుకుని వచ్చింది. దిగలేకపోయాను.

మిల్లు ఆవరణ అంతా ఊక ధూళి. పక్కనే యజమాని ఇల్లు. అత్తమ్మ ఆయన భార్య దగ్గర కూర్చోవడానికి ఇంట్లోకి పోయింది. నేను ఆఫీసు గదిలోకి వెళ్ళాను. అరవై దాటిన మనిషి, తెల్ల చొక్కా, మెడలో తువ్వాల. ఎదురుగా కూర్చోమన్నాడు. నేను ఆయన్ని పెద్దబాపు అని పిలిచాను.

"కంప్యూటర్ల లెక్కలు రాసుడొస్తదా?"

"వస్తది పెద్దబాపు. గని నాకు నౌకరి ఉంది. మా అత్తమ్మ వింటలేదు."

"నౌకరి పోవుడు ఈ రోజులల్ల అందరికి ఉన్నదే. సిగ్గువడే పని లేదు. ఆడ ఎంత ఇచ్చేటోళ్ళు?"

ఇచ్చేవాళ్ళు కాదు, ఇప్పటికీ ఇస్తున్నారు అని చెప్పి, అంకె చెప్పాను. ఆయన లేచి తలుపు దగ్గరికేసి వచ్చి, ఈసారి నా పక్క కుర్చీలో కూర్చున్నాడు.

"ఏం ఆడినవ్ బిడ్డా?"

"ఏందీ?"

"పేకాటనా? ఫోన్ల ఆడేదా? నాకు చెప్పు. నీ అత్తకు చెప్పను."

"నేనేం ఆడలే పెద్దబాపు."

"తాగుడా?"

"ఎప్పుడన్న పెండ్లిళ్ళల్ల."

"మరి గన్ని పైసలు ఎటు పోతున్నయ్? నిజం చెప్పు. నీ కాల్మొక్కుత."

ఉద్యోగానికి వచ్చినవాడి కాళ్ళు మొక్కుతాననే యజమానిని నేను అంతవరకూ చూడలేదు. ఇది ఇంటర్వ్యూ కాదని అప్పటికి నాకు అర్థమైంది.

ఆయన కొడుకూ కోడలూ హైదరాబాదులో నాలాంటి ఉద్యోగాలే చేస్తున్నారు. జీతాలూ దాదాపు మా అంతే. అయినా ప్రతి రెండు నెలలకోసారి కొడుకు తల్లికి ఫోన్ చేసి, జర సర్దమని అడుగుతాడు. బియ్యం, పప్పు, కారం, చివరికి ఎల్లిపాయలు కూడా ఇక్కడి నుంచే పోతాయి. కొడుకు ఏదో వ్యసనంలో పడ్డాడని ఆయన అనుమానం. ఏడాదిగా నిద్ర లేదు. ఎవరితోనైనా చెబితే పరువు పోతుందని భార్యతో కూడా పూర్తిగా అనలేదు.

"చెప్పకుంట ఒకసారి వాళ్ళింటికి పోయిన," అన్నాడు గొంతు తగ్గించి. "కొడుకును అలుముకున్నట్టు చేసి నోరు వాసన చూసిన."

"ఏం వాసనొచ్చింది?"

"కాఫీ."

"అది గూడ ఖర్చే పెద్దబాపు. ఆడ కప్పు కాఫీకి ఈడ కుటుంబం భోంచేస్తది."

ఆయన నవ్వలేదు. చెప్పు, ఒక్కొక్కటి చెప్పు అన్నాడు. చెప్పడం మొదలుపెట్టాను. ఇంటి లోను అర్థమైంది. కారు లోను అర్థమైంది. బడి ఫీజు చెప్పినప్పుడు, అది పదో తరగతి దాకా మొత్తం కలిపా అని అడిగాడు. ఒక్క ఏడాదికన్నాను. తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. మెయింటెనెన్స్ దగ్గర మాత్రం నన్ను ఆపేశాడు.

"ఆగు. ఇల్లు కొన్నవ్ గదా. సొంతిల్లు. మల్ల నెలనెల కిరాయి ఎవనికి?"

"కిరాయి గాదు. లిఫ్టులు నడవాలె, తోటకు నీళ్ళు పట్టాలె, కాపలా ఉండాలె, కసరత్తు రూం ఉంటది, ఈతకొలను ఉంటది."

"నీకు ఈతొస్తదా?"

"రాదు."

"మావోనికి గూడ రాదు," అన్నాడు ఆలోచిస్తూ. "నిజాంసాగర్ కాలువ పొంటి పుట్టిండు గని నీళ్ళంటె భయం వానికి. మరి దానికి గూడ కడుతడా?"

"కట్టాల్నే పెద్దబాపు. పోయినేడు దాని నేల పగిలిందని అందరి దగ్గర మల్ల ఎక్కువ తీసుకున్నరు."

ఆయన కుర్చీలో వెనక్కి వాలి పైకప్పు వైపు చూశాడు. చాలాసేపటికి ఆయన పొట్ట మెల్లగా కదలడం కనిపించింది. ఏడుస్తున్నాడేమోనని భయపడ్డాను. నవ్వుతున్నాడు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుని, తలుపు తీసి, ఇంటి వైపు తిరిగి భార్యను కేకేశాడు.

"ఏమే, ఇటు రా. మనోడు మంచోడే. ఈతకొలనుకు కడుతున్నడట."

ఆమె, వెనకాల మా అత్తమ్మ పరిగెత్తుకుంటూ వచ్చారు. ఆయన నన్ను మళ్ళీ మొదటి నుంచీ చెప్పమన్నాడు. చెప్పాను. ఆమె మధ్యలోనే కూలబడినట్టు కూర్చుని, "నేను చెప్పలేదా, నా కొడుకు గట్లాంటోడు గాదని," అని నాలుగైదుసార్లు అంది. ఆయన అప్పటికే కొడుక్కి ఫోన్ కలిపి స్పీకరులో పెట్టాడు.

"బాపు, ఏమైంది? అమ్మ మంచిగున్నదా?" అంది అవతలి గొంతు, కంగారుగా.

"అందరం మంచిగున్నం. నీకు ఈత రాదు గదా?"

"ఆ?"

"ఏం లేదు బిడ్డా. పైసలకు ఇబ్బందైతె మీయమ్మకు గాదు, నాకు చెయ్యి ఫోను."

"సరే బాపు," అన్నాడు ఆ అబ్బాయి. ఆ రెండు మాటల్లో గొంతు మారిపోయింది. తండ్రి ఫోన్ పెట్టేసి, బయటికి చూస్తూ నిలబడ్డాడు. భార్య టీ పెట్టడానికి పోయింది.

మా అత్తమ్మ ఒక్కతే ఇంకా తేలని లెక్కతో ఉంది.

"మరి నౌకరి ఎప్పటి నుంచి అన్నా?" అని అడిగింది.

"ఈయనకు నౌకరి ఉంది చెల్లె. పెద్ద నౌకరి. నేనిచ్చేది ఈయన కాఫీలకు సరిపోదు."

నేను నెల రోజులు చెబితే నమ్మనిది, ఆయన ఒక్కసారి చెబితే నమ్మేసింది. నమ్మాక ఆమెకు కోపం వచ్చింది. బస్టాండు దాకా నాతో మాట్లాడలేదు. బస్సు వచ్చాక, కిటికీ దగ్గరికి వచ్చి అంది.

"నౌకరి ఉండంగ నాతోని బియ్యం తెప్పించుకున్నవ్."

"నేను తెమ్మన్ననా అత్తమ్మ?"

"వద్దనన్న అనలేదు గదా."

అది నిజమే. మంచి బియ్యం.

ఆమె కోపం వారంలో తగ్గింది కానీ, ఎల్లారెడ్డిలో, అక్కడి నుంచి కామారెడ్డిలోనూ కథ మారిపోయింది. ఉద్యోగం పోయిందన్న మాట పోయి, ఉద్యోగం ఉన్నా పైసలు లేవన్న మాట పుట్టింది. ఇది నిజం కాబట్టి ఖండించలేకపోయాం. పరామర్శలు ఆగిపోయాయి. కూరగాయలామె మళ్ళీ సరిగ్గా తూచడం మొదలుపెట్టింది. పరామర్శల బదులు ఆదివారాలు కొందరు తల్లిదండ్రులు మా ఇంటికి రావడం మొదలైంది. మిల్లు యజమాని చెప్పి పంపేవాడు. కొడుకో కూతురో నగరంలో బాగా సంపాదిస్తున్నా, ఇంటికి రూపాయి రానివాళ్ళు. వచ్చి, మంచినీళ్ళు తాగి, నెమ్మదిగా అడిగేవాళ్ళు. మా ఆవిడా నేనూ కూర్చుని వివరించేవాళ్ళం. మా ఆవిడ నా కంటే బాగా చెప్పేది. బీరకాయల సంగతి చెబితే ఆడవాళ్ళు వెంటనే నమ్మేవారు. పోయేటప్పుడు వాళ్ళ నడకలో బరువు తగ్గినట్టు కనబడేది.

ఒక్కసారి మాత్రం అలా జరగలేదు. బిచ్కుంద దగ్గరి పల్లె నుంచి ఒకాయన వచ్చాడు. కొడుక్కి పెళ్ళి కాలేదు, ఇల్లు కొనలేదు, కారు లేదు, ముగ్గురితో కలిసి ఒక గదిలో ఉంటాడు. అయినా రెండుసార్లు పొలం మీద అప్పు చేయించాడు. నేను ఎటు నుంచి ఎటు తిప్పి చూసినా ఖర్చు కుదరలేదు. ఆయన నా మొహం చూస్తూ కూర్చున్నాడు. మా ఆవిడే చెప్పింది.

"బాపు, ఒకసారి పోయి రెండు రోజులు బిడ్డ దగ్గర ఉండి రాండ్రి. కోప్పడకుండ్రి. ఊకె ఉండుండ్రి."

ఆయన అర్థమైందన్నట్టు తల ఊపి, టీ పూర్తిగా తాగి వెళ్ళాడు. రెండు నెలల తర్వాత ఫోన్ చేశాడు. కొడుకును ఇంటికి తెచ్చుకున్నానని, ఫోన్‌లో డబ్బులు పెట్టి ఆడేవాడని, ఇప్పుడు కొంచెం నయమని చెప్పాడు. ఆ రోజు నుంచి మేము ఎవరికీ తొందరపడి ధైర్యం చెప్పడం లేదు. ముందు అంతా వింటున్నాం.

మిల్లు యజమాని తన కొడుకునూ కామారెడ్డికి రమ్మన్నాడు. కోడలికి నగరమే నచ్చింది, రాలేదు. ఆయనే నెలకోసారి పోయి వస్తున్నాడు. పొద్దున్నే ఆ ఈతకొలను గట్టు మీద కూర్చుని, నీళ్ళలో కాళ్ళు పెట్టి, మధ్యాహ్నం దాకా పేపరు చదువుతాడట. కట్టిన డబ్బు కొంతైనా వసూలు కావాలని. కొడుకు కూడా సెలవు రోజు పక్కన కూర్చుంటున్నాడని నాతో చెప్పేటప్పుడు మాత్రం ఆయన మొహంలో వసూలు గురించిన ఆలోచన ఏదీ కనబడదు.

మాకు ఏడాదిలో కొంత మిగిలింది. అనుకున్నంత కాదు. నగరంలో బంధువుల పెళ్ళిళ్ళు తప్పించుకోవడం తేలిక, ఇక్కడ కుదరదు. వినాయకుడి చందాకు వచ్చినవాళ్ళు, మా చేతిలో డబ్బు నిలవదని తెలిసి, నెల మొదట్లోనే వచ్చారు.

పోయిన నెల మా ఫ్లాటులో కిరాయికి ఉండే జంట ఫోన్ చేశారు. వాళ్ళూ ఇద్దరూ ఉద్యోగస్తులే. ఖాళీ చేస్తామన్నారు. పెద్ద ఇంటికా అని అడిగాను. కాదు, ఖర్చులు తట్టుకోలేకపోతున్నాం, మా ఊరికి పోతున్నాం అన్నాడతను, కొంచెం సిగ్గుపడుతూ. మొదటి నెల కష్టంగా ఉంటుంది, తర్వాత అలవాటవుతుందని చెప్పాను. ఫోన్ పెట్టేశాక, కిరాయి ఆగిపోయాక లోనుకు ఎవరి జీతం ఎంత వేసుకోవాలో మాట్లాడుకోవడానికి మా ఆవిడా నేనూ టీ పెట్టుకుని కూర్చున్నాం.